పండుగ పూట నిండుగా పోసిన ఆయిల్

కరోనా తగ్గిన ఏడాది, దసరాకు వారం ముందు. మందమర్రి మార్కెట్ వెనక నా షెడ్డు. పాత మోటారు సైకిళ్లు బాగు చేయడమే నా బతుకు. కొత్త బండి తెస్తే మొహం మీదే పొమ్మంటాను. ఆ రోజు మొగిలయ్య కాకా, కొడుకు సతీష్ ఒక నల్ల బండిని తోసుకుంటూ వచ్చారు. వెనకాలే కాకా భార్య రాజవ్వ చిన్నమ్మ. కాకా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, ఒకప్పుడు మా బాపుతో ఒకే షిఫ్టు.

“స్టార్ట్ చేస్తే ఇల్లంత పొగ, కింద ఆయిల్ మడుగు. ఏటా గిదే లొల్లి. ఈసారి బాగు కాకుంటే పాత సామాన్లోనికి ఇచ్చేస్త అన్నా,” అన్నాడు సతీష్.

“ముందుగాల నన్ను ఇయ్యిరా!” కాకా గయ్యిమన్నాడు. “గీ బండి మీదనే డ్యూటీకి పోయిన. మీ అవ్వను కాపురానికి తెచ్చుకున్నది గీ బండి మీదనే.” అంటూనే సీటు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. నా ప్రాణం ఉసూరుమంది.

“ఆయిల్ ఎప్పుడు పోస్తున్నవు కాకా?”

“దసరాకు. అప్పటికి ఆయిల్ ట్యాంకు ఖాళీ అయితది. పండుగ పూట బండికి కడుపు ఖాళీ ఉండొద్దని నిండుగ పోసి, నిమ్మకాయ పెట్టి పూజ చేస్త.”

“మధ్యల స్టార్ట్ చేస్తలేవా?”

“నా మోకాలు పోయింది, బిడ్డా. పండుగ నాడు సతీష్ గాడు కిక్కు కొడ్తడు. తక్కిన రోజులల్ల ఇంకొకల కాలు దాని మీద పడనియ్య.”

రోగం దొరికింది. ఇలాంటి పాత బండ్లలో ఆయిల్ ట్యాంకు వేరు, ఇంజిన్ అడుగున ఉండే గది వేరు. ఆ గదిని క్రాంక్‌కేస్ అంటాం. బండి నడుస్తున్నంతసేపు పంపు ఆయిల్‌ను ఇంజిన్‌కు పంపి, మళ్లీ ట్యాంకుకు తెస్తుంది. నెలల తరబడి నిలబెడితే, అరిగిన పంపు సందుల్లోంచి ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. దీని పేరు వెట్ సంపింగ్. ట్యాంకు ఖాళీగా కనిపించినా ఆయిల్ ఎక్కడికీ పోలేదు, అడుగున కూర్చుంది. దాని మీద మళ్లీ నిండా పోస్తే పొగ రాక ఏమొస్తుంది?

కింది డ్రెయిన్ బోల్టు విప్పాను. పెట్టిన గిన్నె నిండి పొర్లింది.

“కడుపు ఖాళీ కాదు కాకా, అజీర్తి!”

చిన్నమ్మ పగలబడి నవ్వింది.

పంపులో అరిగినవి మార్చి, ట్యాంకులో కొలతకు సరిగ్గా కొత్త ఆయిల్ పోశాను. అయినా ముసలి బండి, ఆయిల్ జారడం పూర్తిగా ఆగుతుందని మాటివ్వలేను.

“ట్యాంకుకు, ఇంజిన్‌కు నడుమ ఒక ట్యాప్ పెట్టు. నిలబెట్టినప్పుడు బంద్ చేస్త,” అన్నాడు కాకా.

“తిప్పుడు మర్చిపోతే ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తది.”

“కండ్లద్దాలు నెత్తి మీద పెట్టుకొని ఇల్లంత దేవులాడుతడు. గీయన ట్యాప్ యాది పెట్టుకుంటడా!” అంది చిన్నమ్మ.

“అయితే ఒక్కటే దారి. వారానికోసారి స్టార్ట్ చేసి, ఇంజిన్ మంచిగ వేడెక్కేదాక నడవనియ్యాలె. ట్యాంకుల ఆయిల్ ఆ తర్వాతనే చూడాలె. మరి కిక్కు ఎవరు కొడ్తరు?”

డ్యూటీల వల్ల వారం వారం కుదరదని చెప్పి సతీష్ తల దించుకున్నాడు. కాకా తన మోకాలి వంక చూసుకున్నాడు.

“నేను కొడ్త,” అంది చిన్నమ్మ.

“నువ్వా?”

“ఇన్నేండ్లు ఎనక కూసున్న. నువ్వెట్ల కొడ్తవో సూడలేదనుకున్నవా?”

హ్యాండిల్ మీద డీకంప్రెసర్ అని చిన్న లీవరుంటుంది. అది నొక్కితే ఇంజిన్ లోపలి బిగువు పోతుంది; అప్పుడు కిక్కును మెల్లగా కాస్త కిందికి తొక్కి, లీవరు వదిలాక కొడితే తేలికవుతుంది. కాకా చేతిని దాని మీద పెట్టాను. చిన్నమ్మ కొంగు నడుముకు చుట్టింది.

“ఇగ వదిలిన, కొట్టు!” అన్నాడు కాకా.

రెండుసార్లు తుస్సుమంది. ఆ తర్వాత బండి డుగుడుగుమని అందుకుంది. పొగ లేదు. కాకా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“ఇంకొకల కాలు పడనియ్యనంటివి?” అని ఏడిపించాను.

“రాజవ్వ కాలు ఇంకొకల కాలు ఎట్లయితదిరా?”

బండి పాత సామాన్లోకి పోలేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున వాళ్ల క్వార్టర్ ముందు నుంచి పోతే, లీవరు పట్టుకొని ఆయన, కిక్కు మీద ఆమె కనిపిస్తారు.

అప్పటి నుంచి పాత బండి తెచ్చినవాళ్లను ముందుగా ఆయిల్ సంగతి అడగను. వారానికోసారి దీన్ని స్టార్ట్ చేసే మనిషి మీ ఇంట్లో ఎవరు, అని అడుగుతాను.