నాన్న కట్టిన టేకు జీపు

తడి వార్నీషు వాసన ముక్కుకు తగిలితే నాకిప్పటికీ నీరసం ముంచుకొస్తుంది. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపు ముందు మా తమ్ముడి కొడుకు తన ఫోర్ వీల్ డ్రైవ్ బండి చూపించాడు. వెనక సీట్లు పీకేసి చెక్క సొరుగులు పెట్టిస్తున్నాడు, పైన మడత టెంటు, లోపల బుల్లి ఫ్రిజ్జు, ఇంకా పక్కకు లాగితే పరుచుకునే పందిరి ఒకటి రావాలట. అడవుల్లో, ఇసుక తిన్నెల మీద పడుకుంటారట. "ఎలా ఉందత్తా?" అన్నాడు. బాగుందన్నాను. సొరుగులకు పూసిన వార్నీషు ఇంకా ఆరలేదు.

డెబ్బైల మొదట్లో నాన్న పటమటలో లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. షెడ్డంటే రేకుల కప్పు, నాలుగు తాటి దుంగలు, మోకాలి లోతు టేకు పొట్టు. ఎండాకాలం రేకుల వేడికి లప్పం డబ్బాలు కంపు కొట్టేవి, వానాకాలం ఆ రేకుల మీద చినుకుల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తే గోంగూర, వార్నీషు కలిసి అదో వింత వాసన. చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా రాలే చెక్క పొరల్ని నేను గాజులుగా తొడుక్కునేదాన్ని, తమ్ముడు మీసాలు పెట్టుకునేవాడు. నాన్న చెయ్యి పడిన లారీ పదేళ్ళయినా కిర్రుమనదని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

అమ్మ పుట్టిల్లు కోడూరు దాటి సముద్రం వైపు. బస్సు దిగాక నాలుగు మైళ్ళు మట్టి కట్ట మీద నడవాలి. తమ్ముడు పుట్టిన ఏడాది అమ్మ తడి మెట్ల మీద జారిపడింది, తుంటి ఎముక సరిగ్గా అతకలేదు, ఇక సందు చివర గుడికి వెళ్ళడమే గగనం. అమ్మమ్మకు బస్సు పడదు. అలా తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోక ఏళ్ళు గడిచాయి. అక్కడ గుళ్ళో వాక్యం చెప్పే మావయ్య ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసేవాడు, ఎడ్లబండి కట్టుకుని బస్సు దగ్గర నిలబడతాను, పంపించండి బావగారూ అని. ఆ ముక్క చదివితే నాన్నకు ఎక్కడలేని రోషం వచ్చేది.

"ఊళ్ళో లారీలన్నిటికీ బాడీలు కట్టేవాడి పెళ్ళాం గడ్డిబండెక్కి పుట్టింటికి పోద్దా?" అనేవాడు.

చివరికి మిలిటరీ వేలంలో ఒక పాత జీపు తెచ్చాడు. పైన కప్పు లేదు, సీట్లు చిరిగాయి, ఇంజను మాత్రం భేషుగ్గా ఉంది. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగే రెండో గేరు కర్రను వచ్చినవాళ్ళందరికీ పట్టి చూపించేవాడు. అమ్మ ఆ రోజు జీపుకు పసుపు రంగు బంతిపూల దండ గుచ్చింది, వద్దన్నా వినకుండా. ఆ క్రిస్మస్‌కే వెళ్దామనుకున్నారు. అమ్మమ్మది ఒకే గది ఇల్లు కాబట్టి సముద్రపు ఒడ్డున మనమే క్యాంపు వేసుకుని నాలుగు రోజులుందామన్నాడు నాన్న. అయితే పడుకోవడానికి చెక్క మంచాలు కావాలి, మడిచేవి. లారీకి వాడే మందం టేకుతోనే మొదలుపెట్టాడు, ఇనుప పట్టీలు కొట్టి. పండగ దాటిపోయింది. రెండో ఏడు నీళ్ళ ట్యాంకు, దానికి కుళాయి, స్టవ్వుకు అర, పెట్రోమాక్సు లైటుకు కొక్కెం. అమ్మకూ సరదా పుట్టింది, ఆవకాయ జాడీ ఒరగకుండా ఒక గూడు అడిగింది. నేను కిటికీ అడిగాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

అమ్మమ్మకు చూపించాలని కొన్న ఆకుపచ్చ చీరను అమ్మ మడత విప్పకుండా పెట్టెలో దాచుకుంది. ఏటా అరిసెలు వండేది, ఏటా డబ్బాలో సర్దేది, ఏటా మేమే తినేవాళ్ళం. మూడో ఏడు వానాకాలంలో మావయ్య కార్డు వచ్చింది, అమ్మమ్మకు చూపు మసకేస్తోంది, తొందరగా రండి అని. నాన్న కార్డు రెండుసార్లు చదివాడు.

"పైకప్పు ఒక్కటే మిగిలింది. ఒక్క నెల," అన్నాడు.

ఆ నెల నాలుగు నెలలైంది.

పండక్కి రెండు రోజుల ముందు బయల్దేరాం. బందరు రోడ్డంతా జనం ఆగి మా జీపు చూస్తుంటే నాన్న మెడ నిటారుగా పెట్టుకుని నడిపాడు. కోడూరు దాటాక మావయ్య ఎదురొచ్చాడు, ఎందుకైనా మంచిదని ఎడ్లబండితో సహా. ఆయన బండి వెనక నెమ్మదిగా వస్తుంటే మేం ముందు సాగాం. తుఫాను వాన వెలిసి వారమే అయింది, కట్ట పైన ఎండినట్టుంది గానీ కింద నల్ల ఒండ్రు. మైలు కూడా పోలేదు. జీపు కూర్చుండిపోయింది. ఆ రెండో గేరు కర్ర వేస్తే నాలుగు చక్రాలూ తిరిగి ఇంకాస్త దిగాయి. ట్యాంకులో నీళ్ళు వదిలేశారు, సామాను దించారు, లాభం లేదు. బరువు సామానుది కాదు, టేకుది.

మావయ్య వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంత బరువేంటి బావగారూ? ఇది జీపు కాదండీ, ఇల్లండీ," అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

అమ్మ కిందికి దిగింది. "అన్నయ్యా, ఆ బండి ఇటు తిప్పు," అంది. నాన్నే ఆమెను ఎత్తి బండిలో గడ్డి మీద కూర్చోబెట్టాడు. అప్పుడంది, కోపం లేకుండానే, "ఉత్త జీపులోనైనా వచ్చేదాన్ని కదండీ."

అమ్మమ్మ గుమ్మంలో కూర్చునుంది. బండి చప్పుడు వైపు మొహం తిప్పింది గానీ చూపు మా మీద ఆగలేదు. అమ్మ కుంటుకుంటూ వెళ్ళి ముందు కూలబడితే నుదురు, ముక్కు, బుగ్గలు వేళ్ళతో తడిమి, "ఎంత చిక్కిపోయావే," అంది. కొంగు చేతిలోకి తీసుకుని నలిపి చూసి అడిగింది.

"కొత్తదా? ఏం రంగే?"

"ఆకుపచ్చమ్మా," అంది అమ్మ.

మర్నాడు నాన్న స్పానరు పట్టుకుని మంచాలు, అరలు, పైకప్పు అన్నీ ఊడదీసి కట్ట మీద పేర్చాడు. బోడి జీపు చులాగ్గా ఊళ్ళోకి వచ్చింది. ఇంటి ముందు ఆపి, లోపలికి రాకుండా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు. ఆ టేకుతో మావయ్య గుళ్ళో బల్లలు చేయించాడు. మరుసటి వానాకాలం అమ్మమ్మ పోయింది.

ఇప్పుడు షెడ్డు లేదు, చెక్క బాడీలు లేవు, నాన్నా అమ్మా లేరు. ఆ కట్ట మీద తారు రోడ్డు పడింది, రెండు పక్కలా రొయ్యల చెరువులు, కోడూరులో ఆటో ఎక్కితే గుమ్మం ముందే దించుతాడట. నా మోకాళ్ళు మాత్రం అమ్మ తుంటిలాగే తయారయ్యాయి.

"వచ్చే నెల నిన్ను మీ అమ్మమ్మగారి ఊరి సముద్రానికి తీసుకెళ్తానత్తా," అన్నాడు మేనల్లుడు. "పందిరి ఒక్కటే మిగిలింది."

నేను బండి తలుపు తీశాను. "పద, ఇప్పుడే పోదాం."

"అయ్యో, వెనక వార్నీషు ఆరలేదత్తా, చీరకి అంటుకుద్ది."

"అంటుకోనీరా," అని ఎక్కి కూర్చున్నాను.