సుమలత అతికించిన కాగితం

సుమలత ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి, హిందూపురంలో డీటీపీ చేసేది. 2004లో బెంగళూరు కంపెనీ ఒకటి, పట్టుచీరల డిజైన్లు గీసే తన సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేయమని ఆమెకిచ్చింది.

రాసినంతవరకు ధర్మవరం తీసుకుపోయి గిరిధర్ చేతిలో పెట్టింది. చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసే గిరిధర్‌కు ఇంగ్లీషు రాదు. అక్కడ చాలామందిలాగే అతనూ మెనూలో పేర్లు చదవకుండా, ఎన్నోదో వరస చూసుకుని నొక్కుతాడు. కుడి అంచు పువ్వు ఎడమ అంచులో అద్దంలోలా పడాలంటే మూడోది నొక్కాలని పుస్తకంలోని బొమ్మలో ఉంది. నొక్కాడు. పువ్వు తలకిందులైంది.

"ఏందిమ్మా ఇది? ఇట్లే నేస్తే చీర ఎవరు కొంటారు?"

పుస్తకం కొత్త వెర్షన్‌ది. ఊరంతా వాడేది పాతది. దాని మెనూలో ఆ పని ఐదోది.

సుమలత రెండు పద్ధతులూ రాసి పంపింది. కంపెనీ మేనేజరు పాతది కొట్టేశాడు.

"అందరూ కొత్తది కొనుక్కుంటార్లేండి," అన్నాడు ఫోన్లో.

"పాతది అమ్మింది మీరే గదా సార్?"

అతను వినలేదు. పుస్తకాలు అచ్చయి ధర్మవరం చేరాయి. సుమలత పాత మెనూ పద్ధతిని తన దుడ్లతో జిరాక్సు తీయించి, ఇల్లిల్లూ తిరిగి ప్రతి పుస్తకంలో మైదాపిండితో అతికించింది.

మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. "మా పుస్తకంలో మీ కాగితమేంటి? వెంటనే పీకేయండి!"

"నేను పీకను సార్. మీరే ధర్మవరం రాండి. ఏ ఇంట్లో పీకుతారో పీకండి, నేనూ చూస్తా."