మంచి పేషెంట్

మా వార్డులో మంచి పేషెంట్ అంటే మంచం దిగని పేషెంట్. డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరం చెప్పుకునే మాట అది. "ఆవిడా? చాలా మంచి పేషెంట్, కదల్లేదు" అంటాం, హమ్మయ్య అనుకుంటాం. ఆర్లిస్ నీమీ గురించి చెప్పాలంటే ముందు ఈ మాట చెప్పాలి. ఆ మనిషి గుండె పగిలింది ఈ మాట దగ్గరే.

ఆర్లిస్‌ది మా ఇనుపగనుల ఊరే. తండ్రి గనిలో పనిచేశాడు, అన్నలు గనిలో పనిచేశారు, కట్టుకున్నవాడు కూడా గనిలో ఇల్లంత లారీ నడిపినవాడే. ఈవిడ మాత్రం నర్సయింది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమె నడవాలో వస్తుంటే కుర్ర డాక్టర్లు ఫోన్లు జేబుల్లో దోపుకునేవారు. కొత్తలో నాకు పని నేర్పింది ఆమే. "సూది గుచ్చమంటే స్వెట్టర్ అల్లుతున్నావేమే?" అని పేషెంట్ ముందే అనేది. పేషెంట్ నవ్వేవాడు, ఆ నవ్వులో సూది దిగిపోయేది.

మొగుడు రైనో ఆమెకు పూర్తి విరుద్ధం. ఆమె పది మాటలంటే ఒక్క మాట బదులిస్తాడు, అదీ ఆలోచించి. సరస్సు ఒడ్డున ఇల్లు, ఇంటి పక్కన తన చేత్తో కట్టుకున్న సౌనా గది. శనివారం పొద్దుగూకేసరికి పొయ్యి రాజేసి, రాళ్ళు కాగాక నీళ్ళు చల్లి, ఆవిరిలో కూర్చోవాలి. ఆదివారం చర్చి ఎగ్గొట్టినా ఎగ్గొడతాడు కానీ అది ఎగ్గొట్టడు. ఒకచోట కాలు నిలవని మనిషి. కట్టెలు కొడుతూనో, పడవకు రంగేస్తూనో ఉంటాడు.

మా ఊరి బడిలో టీచరుగా చేసిన యూనిస్ ఒకసారి మా వార్డులో చేరి, బాత్రూం గుమ్మంలో పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు కానీ మళ్ళీ కోలుకోలేదు, పోయింది. ఆర్లిస్‌కి చదవడం నేర్పిన టీచరమ్మ ఆవిడ. అంత్యక్రియల నుంచి నేరుగా వార్డుకు వచ్చి, కోటు కూడా విప్పకుండా, "ఇంక ఇక్కడ ఒక్కళ్ళు కూడా పడకూడదు" అంది ఆర్లిస్.

అనేసి ఊరుకునే మనిషి కాదు. పెద్ద కాగితం మీద వార్డు పటం గీసి కాఫీ గది గోడకు అంటించింది. ఎవరు ఎక్కడ పడ్డారో అక్కడ ఎర్ర చుక్క పెట్టింది. చుక్కలన్నీ బాత్రూం దారిలోనే గుమిగూడాయి. పడింది కూడా చాలావరకు డ్యూటీ మారే వేళే, మేమంతా గదిలో తలుపేసుకుని పేషెంట్ల అప్పగింతలు చెప్పుకునేటప్పుడే. డార్లా అని మా వార్డు ఆయా ఉంది, ఆమెను కూర్చోబెట్టి అడిగింది.

"బెల్లు కొట్టమని చెప్తాం కదా, ఎందుకు కొట్టరే వీళ్ళు?"

"కొట్టినా మనం ఎప్పుడొస్తాం తల్లీ?" అంది డార్లా. "ఒక్క నిమిషం అని పోతాం. ఆ నిమిషం అయ్యేసరికి వాళ్ళకి ఆగదు. లేస్తారు మరి. నువ్వైతే పక్క తడుపుకుంటావా?"

ఆ మాటల్లోంచే ఆమె పథకం పుట్టింది. అప్పగింతల వేళ ఒకరు తప్పకుండా బయట ఉండాలి. అడక్కముందే మనమే పిలిచి బాత్రూంకి తీసుకెళ్ళాలి. మూడోది, తూలేవాళ్ళకు జారని పసుపు మేజోళ్ళు తొడిగి, లేస్తే మోగేలా మంచానికి అలారం పెట్టాలి. ఇక నాలుగోది, ఆమెకు అన్నిటికంటే ఇష్టమైంది: భోజనాలయ్యాక ప్రతి మనిషినీ పట్టుకుని నడవా చివరి కిటికీ దాకా నడిపించి తేవాలి. "పడుకోబెడితే కాళ్ళు చచ్చిపోతాయే. రేపు పడేది వాళ్ళే" అనేది. ముందు రెండు గదుల్లో చేసి చూద్దాం, కుదరనిది మార్చుకుందాం, ఆ తర్వాతే వార్డంతా పెడదాం అని ఆమె లెక్క.

మేనేజర్ కొలీన్‌ని చెడ్డదని అనను. పైవాళ్ళకు అంకెలు చూపించుకోవాల్సిన మనిషి.

"నడిపించడానికి మనుషులేరీ ఆర్లిస్? ఒకణ్ణి నడిపిస్తుంటే ఇంకొకడు పడతాడు. ముందు పడటం ఆపుదాం. ఈ నడక సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"తర్వాత అంటే తర్వాతే."

ఆర్లిస్ చాలా పోట్లాడింది. చివరికి, మిగతా మూడూ అయినా మొదలవుతాయి కదా అని ఒప్పుకుంది.

మొదలయ్యాయి. పడటం నిజంగానే తగ్గింది. ఎవరూ పడకుండా గడిచిన రోజుల అంకె రాయడానికి కొలీన్ గోడకు ఒక బోర్డు పెట్టించింది. ఆ బోర్డంటే నాకిప్పటికీ ఒళ్ళుమంట. ఒక్కరు పడితే అంకె సున్నాకి వచ్చేస్తుంది, అందుకని ఎవరి డ్యూటీలోనూ పడకూడదని అందరికీ పంతం. అలారం మోగితే చాలు, నోట్లో ముద్ద మింగకుండా పరుగెత్తేవాళ్ళం. ముందే పిలిచి తీసుకెళ్ళడం మెల్లగా మానేశాం. అలారం మాత్రం మిగిలింది.

మార్చిలో, సరస్సు మీద మంచు ఇంకా గట్టిగా ఉండగానే, రైనోకి న్యుమోనియా చేసి మా వార్డులో చేరాడు. సొంతవాళ్ళను సొంతవాళ్ళు చూసుకోకూడదని ఆర్లిస్‌ని నడవాకి అవతలి వైపు వేశారు. రైనో నా వైపు. ఊపిరితిత్తులు త్వరగానే శుభ్రపడ్డాయి. "వాకర్ పట్టుకుని తలుపు దాకా నడిస్తే ఇంటికి పంపేస్తాను. లేకపోతే వృద్ధుల హోమ్ చూసుకోవాలి" అన్నాడు డాక్టరు. అంత మనిషిని ఇంట్లో ఒక్కతే ఎత్తడం కుదరదు. ఆ సంగతి ఆర్లిస్‌కి మా అందరికంటే బాగా తెలుసు.

వచ్చిన కొత్తలో రైనో లేవబోయాడు. అలారం గొల్లుమంది. "కూర్చో రైనో, కూర్చో, కూర్చో" అంటూ ముగ్గురం మీద పడ్డాం. అవతలి వైపు నుంచి ఆర్లిస్ కూడా వచ్చింది.

"ఏమయ్యా, నా వార్డులో నువ్వే పడాలా? నా పరువు తీద్దామనా?" అని నవ్వుతూ కసిరి దుప్పటి కప్పింది.

ఆమెకు అదొక వేళాకోళం. రైనో మాత్రం మళ్ళీ లేవలేదు.

ఒకరోజు అప్పగింతల్లో డార్లా చెప్పింది: "రైనోనా? బంగారం. మంచి పేషెంట్, అస్సలు కదల్లేదు." మేమంతా తలలూపాం. మూలన కాఫీ తాగుతున్న ఆర్లిస్ కప్పు కింద పెట్టింది. "కదల్లేదా? రైనోనా?" అని లేచి పోయింది. వెనకాలే నేనూ వెళ్ళాను.

ఫిజియో కుర్రాణ్ణి పిలిపించాం. వాకర్ ముందు పెట్టి లేపితే రైనో కాళ్ళు గజగజ వణికాయి. ఒక్క అడుగు పడలేదు. మంచం మీద కూలబడ్డాడు. "కాస్త ముందే నడిపించి ఉండాల్సింది" అన్నాడు ఫిజియో, ఎవరి ముఖమూ చూడకుండా. అతణ్ణి పంపించడానికి ఆర్లిస్ బయటికి వెళ్ళింది.

"ఎందుకు లేవలేదు రైనో? ఇంటిదగ్గర కూర్చోమన్నా కూర్చోవు కదా" అన్నాను.

ఆయన తన పద్ధతిలో ఆలోచించుకుని చెప్పాడు. "ఆర్లిస్ ఇదంతా ఎంతో కష్టపడి పెట్టుకుంది. ఆమె మొగుడే పడితే ఏం బాగుంటుంది?"

ఆర్లిస్ అప్పటికే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన్ని వృద్ధుల హోమ్‌కి తీసుకెళ్ళిన రోజే బోర్డు మీద అంకె కొలీన్ కోరుకున్న దగ్గరికి చేరింది. పెద్ద కేక్ తెచ్చింది, మీద ఆర్లిస్ పేరు రాయించింది. "ఆ నాలుగోది నేను వదిలేశానే. నా నోటితోనే సరే అన్నాను" అని కేక్ ముందు నిలబడి నాతో అంది ఆర్లిస్. ఎప్పుడూ అరిచే ఆ గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

మంచు కరిగి సరస్సులో నీళ్ళు కనిపించే వేళకు వాళ్ళిద్దరినీ చూడ్డానికి ఆ హోమ్‌కి వెళ్ళాను. రైనో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ప్యాంటు లోపల కాళ్ళున్నట్టే లేవు. ఆర్లిస్ ఆయన ముందు వంగి చేతులు చాచింది.

"లే రైనో. నా మెడ పట్టుకో. పడితే ఇద్దరం పడదాం."

ఆయన పట్టుకున్నాడు. లేచాడు కూడా. ఆమె జుట్టులో గడ్డం ఆనించుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. అంతలో మోకాళ్ళు మడతపడ్డాయి. అలవాటైన చెయ్యి కదా, ఆర్లిస్ ఆయన్ని తన తొడ మీదకు తీసుకుని దెబ్బ తగలకుండా నేలమీదకు దించి, తనూ కూలబడింది. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నెమ్మదిగా దించినా సరే, ఒళ్ళు నేలకు తగిలితే మా లెక్కలో అది పడటమే.

"పర్లేదండీ, మీరు పట్టుకుని దించారు కదా. పడ్డారని నేనేం రాయన్లెండి" అంది ఆ పిల్ల, జాలిపడి.

"రాయమ్మా" అంది ఆర్లిస్. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. "పడ్డాడనే రాయి. లేచి నిలబడ్డాడు కాబట్టే పడ్డాడు."

రైనో చెయ్యెత్తి ఆమె చెంప తుడిచాడు.

"పడ్డాను, తప్పయిపోయిందే ఆర్లిస్" అన్నాడు.