కోట చూసి వస్తున్నామన్నాడు

వరంగల్ కోట చూసి, నేనూ మా ఆయనా ఇల్లందు బస్సెక్కాం. ఆయన వెనక సీట్లో నిద్రపోయాడు. నా పక్కన ఒకామె, తన అవతల కూర్చున్న భర్త భుజం మీద తల వాల్చి ఉంది. కోట చూసి వస్తున్నామని అతనితో చెప్పాను.

"మేం గూడ కోటే చూసినమక్కా. తిరిగి తిరిగి పండుకుంది," అన్నాడతను.

బస్సు కుదుపుకి ఆమె చెయ్యి నా ఒళ్లో పడింది. చల్లగా ఉంది. ప్రాణం లేదు.

"దవాఖానాల పోయింది. తెలిస్తే దింపేస్తరక్కా," అని గొణిగాడు.

కండక్టర్ వచ్చాడు. "ఏందమ్మా, ఆమెకు పానం బాగలేదా?"

"మంచిగనే ఉంది తమ్మీ. నిద్రల ఉంది, లేపకు," అన్నాను. అడవి దారిలో అతను ఆమెను ఎత్తుకుని దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక గడప తొక్కకుండా, వాకిట్లోనే నెత్తి మీంచి చన్నీళ్లు పోసుకున్నాను.

"గీ చలిల తానమేందే?" అన్నాడు మా ఆయన.

"బస్సుల దుమ్ము," అన్నాను.