తల్లి చార్జింగ్ పెట్టిన ఆవిరి

మా సూపరింటెండెంటు గారి మీటింగుల్లో ఈ మాట ఎన్నిసార్లు ఎత్తానో, అప్పుడు ఎవరెవరు నవ్వారో నాకు బాగా గుర్తుంది. రోగిని "పొగ తాగుతావా?" అని అడిగి ఊరుకుంటే చాలదు, వేప్, అంటే బ్యాటరీతో ఆవిరి పీల్చే గొట్టం, దాని సంగతి కూడా అడగాలని నేనంటాను. "ఇది బెంగళూరనుకున్నావా నాయనా?" అంటారాయన. టీ వస్తుంది. మీటింగు అయిపోతుంది. బాలు అనే రోగి రాకముందూ అంతే, వచ్చాకా అంతే. అక్కడ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2023 చివర, వానల రోజులు. నెల్లూరులో మా ఆసుపత్రి క్యాజువాల్టీలో, అంటే అత్యవసర విభాగంలో, నేను నర్సుని. వాకాడు వైపు పల్లె నుంచి ఆ బాలుని, డిగ్రీ చదివే కుర్రాణ్ణి, తల్లీ, స్నేహితుడూ ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట, గుండె దడ. గోడ మీదికి వస్తోందని కేకలు. తల్లి చెయ్యి పట్టుకోబోతే "ఎవురు నువ్వు?" అని విదిలించాడు.

పొగ అలవాటుందా అని డ్యూటీ డాక్టరు అడిగారు.

"బీడీ వాసనే పడదయ్యా వాడికి. ఆయాసం మనిషి. రోజూ ఆవిరి పట్టుకుంటాడు, అంతే," అంది తల్లి.

దాంతో హిస్టరీ, అంటే రోగి వెనకటి సంగతి, తప్పుదారి పట్టింది. మెదడువాపు జ్వరమేమోనని పరీక్షలు మొదలయ్యాయి. నేను ఆమెను పక్కకు పిలిచి, ఆవిరి దేంతో పడతాడని అడిగాను. సంచిలోంచి పెన్నులాంటిది తీసింది.

"ఇదిగో సార్. రోజూ నేనే సెల్లు చార్జరుకి పెడతా. జలుబు మందని చెప్పినాడు."

స్నేహితుడు తల దించుకున్నాడు.

"ఏముందిరా ఇందులో?"

"బొమ్మలు కనపడే మందంటన్నా. ముందు సిగరెట్లో పెట్టి తాగినాం. గొంతు మండేది, దగ్గొచ్చేది, రెండు దమ్ములకే పారేసేవాళ్లం. ఇది పొగ కాదు గదా, ఏం కాదనుకున్నాం. వాడు పీలుస్తానే ఉన్నాడు."

కాలిస్తే ఊపిరితిత్తుల్లోకి మసి పోతుంది. ఆవిరిలో ఆ మసి తక్కువన్నది నిజమే. కానీ ఏ దారిన పోయినా మెదడును పట్టే మందు ఒక్కటే. పొగ ఘాటు మనిషిని కొంతైనా ఆపుతుంది, దాని వాసన ఇంట్లోవాళ్లకు చెబుతుంది. ఆవిరి ఆపదు, చెప్పదు. ఆ గొట్టంలో ఎవడు ఏం పోశాడో పీల్చేవాడికీ తెలియదు.

డాక్టరుకు చెప్పాను. ఆయన వైద్యం మార్చారు. దడ తగ్గింది, తల్లిని గుర్తుపట్టాడు. అంతవరకే. కాలేజీ మానేశాడు. ఇప్పటికీ గోడ పక్కన కూర్చోడు, ఓపీలో వరండా మధ్యలో నిలబడే ఉంటాడు.

అప్పటి నుంచి నేను ఊపిరితో లోపలికి పోయేది ఏదైనా సరే, పేరు పెట్టి అడుగుతున్నాను. నాకు తెలిసివచ్చింది అదే. నేను డ్యూటీ దిగాక అడిగేవాళ్లు లేరు.

వచ్చినప్పుడల్లా ఆ తల్లి నన్ను పట్టుకుంటుంది.

"నేను చార్జింగ్ పెట్టకుండా ఉంటే బాగుండేవాడా సార్?"

"నీ తప్పు కాదమ్మా."

"మరి ఎవరిది?"

సూపరింటెండెంటు గారూ, ఆమె నిలబడే వరండా మీ గది ముందే. ఒక్కసారి బయటికొచ్చి మీరే చెప్పండి, ఎవరిది?