వరద నాడు ఖాజాబీ మేడం పిలిచిన హాజరు

నిన్న సాయంత్రం వనపర్తిలో గాలివాన కొట్టింది. పొద్దున బడికి వచ్చి వంటగది తాళం తీయగానే తడిసిన గోనెసంచుల వాసన గుప్పుమంది. రేకు సందులోంచి నీళ్లు కారి మధ్యాహ్న భోజనం బియ్యం సంచులు అడుగున తడిశాయి. వంట చేసే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం నవ్వు వచ్చింది. ఒక ఊరు ఊరంతా, మీసాలు నెరిసినవాళ్లతో సహా, తడి గోనెసంచుల మీద తరగతుల వారీగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పేరు పిలిస్తే ఉలిక్కిపడి “ప్రెజెంట్ మేడం” అన్న రోజు ఒకటి ఉంది. ఆ రోజు హాజరు పిలిచినావిడ పేరు ఖాజాబీ. నా మొదటి బడికి ప్రధానోపాధ్యాయురాలు. ఆవిడను చూడనివాళ్లకు ఆవిడ గురించి చెప్పాలంటే ముందు గొంతు గురించి చెప్పాలి. మనిషి పొట్టి. తల మీద నుంచి కొంగు జారనిచ్చేవారు కాదు. గొంతు మాత్రం బడి గోడ దాటి, రోడ్డు దాటి, తుంగభద్ర దాకా వెళ్లి తిరిగి వచ్చేది.

మాది నాగర్‌కర్నూల్ వైపు. మా ఊళ్లో అన్ని నీళ్లు ఒక్కచోట కనిపించాలంటే ట్యాంకరు రావాలి. అలాంటివాడికి మొదటి ఉద్యోగం రాజోలి దగ్గర, నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో లెక్కల మాస్టారుగా వచ్చింది. చేరిన రోజు మేడం నన్ను పైనుంచి కిందికి చూసి, చదువు గురించి గానీ ఊరి గురించి గానీ అడగలేదు.

“ఈత వస్తదా సారు?” అన్నారు.

“రాదు మేడం.”

“నాకు గూడ రాదు. అయితే మనిద్దరం అందరికన్న ముందుగాల్నే ఉరకాలె. యాదిపెట్టుకో.”

ఆవిడ చెప్పేది తెలుగు. తెల్ల చాక్‌పీసుతో బోర్డు మీద గుండ్రంగా, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు రాసేవారు. నోరు తెరిస్తే మాత్రం అచ్చమైన పాలమూరు మాట. ఈ రెండింటికీ ఎలా పొంతన కుదిరిందని ఒకసారి అడిగాను. “రాతల ‘వచ్చితిమి’ అని రాస్త, నోటితోటి ‘వచ్చినం’ అంట. రెండిట్ల ఏది తప్పు గాదు సారు. ఎవలతోటి ఏది అనాల్నో తెల్వకపోవుడే తప్పు” అన్నారు. అప్పట్లో అది వ్యాకరణం గురించిన మాట అనుకున్నాను.

వాతావరణం అంటే ఆవిడకు అపారమైన అనుమానం. పడమట మబ్బు కాస్త నల్లబడితే చాలు, ఎవరో కొత్త పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోమని తెచ్చినట్టు కళ్లద్దాలు సర్దుకుని దాన్ని పరీక్షగా చూసేవారు. ఆ ఏడు బడి తెరిచిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. వంట షెడ్డు రేకు ఊడి, గాలిపటంలా ఎగిరి పక్కచేలో పడింది. మేడం ఒక్క కేక వేశారు. బడి బడంతా బెంచీల కింద దూరింది. సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి తనిఖీ అధికారి ఒకాయన, తలంతా దుమ్ముతో లోపలికి వచ్చారు. ఆయనకు కనిపించింది ఖాళీ తరగతి, ఖాళీ బోర్డు, ఖాళీ బెంచీలు.

“పిల్లలేరి?” అని గర్జించారు.

బెంచీ కింద నుంచి మేడం గొంతు వచ్చింది. “ఈడనే ఉన్నరు సారు. మీరు గూడ జర దూరండ్రి. రేకులు లేస్తున్నయి.”

ఆయన ఏదో అనబోయారు. ఇంతలో కిటికీ తలుపు ఒకటి విరిగి ఆయన పక్కనే పడింది. మిగతా తనిఖీ అంతా బెంచీ కిందే జరిగింది. పక్కనున్న పిల్లవాణ్ణి పదమూడో ఎక్కం చెప్పమంటే వాడు తడుముకోకుండా చెప్పాడట. అధికారి చాలా మెచ్చుకుని వెళ్లారు.

ఇక వరద సంగతి. వానాకాలం అయిపోయిందని అందరం గొడుగులు అటక మీద పడేసిన తరువాత వచ్చింది అది. పైన, కర్ణాటకలో ఎక్కడో ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోందని చెప్పుకున్నారు. మా ఊళ్లో ఆ పొద్దున చక్కగా ఎండ కాసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. నీళ్లు ఊరి వైపు వస్తున్నాయంటే, నెత్తి మీద సూర్యుణ్ణి చూస్తూ ఎవరు నమ్ముతారు?

ఒక ఆటో మైకు కట్టుకుని వీధుల్లో తిరిగింది. “లోతట్టు ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి. నదీ ప్రవాహ ఉధృతి దృష్ట్యా తీర ప్రాంత ప్రజలు అప్రమత్తులై సురక్షిత ప్రాంతములకు తరలివెళ్లవలెను.” మేమిద్దరం చాయ్ హోటల్ ముందు నిలబడి విన్నాం. హోటల్లో కూర్చున్నవాళ్లూ విన్నారు.

“లోతట్టోళ్లంట. ఎవరే వాళ్లు?” అన్నాడు ఒకాయన.

“కింది వీధోళ్లేమో.”

కింది వీధి మనిషి ఒకడు అక్కడే ఉన్నాడు. వాడు సాసర్లోంచి చాయ్ జుర్రుతూ, “తీర ప్రాంతమన్నడు గద. అది సముద్రం కాడ ఉంటది. మనది గాదు” అని తేల్చేశాడు. ఆటో వెళ్లిపోయింది. ఒక్కడూ కదల్లేదు. పైగా నలుగురైదుగురు, వరద ఎలా ఉందో చూసొద్దామని నది వైపే బయల్దేరారు.

మేడం కాసేపు ఆటో వెళ్లిన వైపు చూశారు. “తెలుగు మంచిగనే ఉంది. పది మార్కులకు పది ఏస్త. గని ఎవనికి చెప్పిండు సారు వాడు? క్లాసుల ‘అల్లరి చేయకుండ్రి’ అంటే ఎవడన్న ఆగుతడా? ‘ఒరే వెంకటేశూ’ అంటే ఆగుతడు. పా పోదాం.”

ఆవిడ పుట్టింది ఆ ఊళ్లోనే. ఉద్యోగం మొదలుపెట్టింది అక్కడి చిన్నబడిలోనే. చివరికి పెద్దబడికి ప్రధానోపాధ్యాయురాలై తిరిగి వచ్చిందీ అక్కడికే. తాతకూ మనవడికీ కూడా అక్షరాలు దిద్దించిన మనిషి. కింది వీధి మొదట్లో నిలబడి, కొంగు బిగించి, పిలవడం మొదలుపెట్టారు.

“ఒరే తిమ్మప్పా! మూడో తరగతి తిమ్మప్పా!”

ఒక ఇంట్లోంచి చెవుల దాకా మీసాలున్న మనిషి, తింటున్న చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు. “మేడం!”

“ఇంటోళ్లని తీసుకుని బడికి నడువు. వరదొస్తుంది.”

“ఎండ కొడుతుంది గద మేడం…”

“ఎదురు చెప్తున్నవా?”

“లేదు మేడం,” అన్నాడు తిమ్మప్ప. ఆ ఊళ్లో అతనికి ఎవరూ ఎదురు చెప్పరని తరువాత తెలిసింది. చేతులు కట్టుకుని నిలబడిన అతణ్ణి భార్య గడపలోంచి చూసి నోరు తెరిచింది. అలా ఇంటింటి ముందూ ఒక్కో పేరు. పిలుపు పడ్డవాడు పడ్డట్టే మూట నెత్తిన పెట్టుకుని కదిలాడు. వరద చూడబోయినవాళ్లు కూడా, నదిని చూసినందుకో మేడం గొంతు విన్నందుకో, తిరిగి పరుగెత్తుకొచ్చారు. అప్పటికి వీధి చివర నీళ్లు కనిపించాయి. ఏ చప్పుడూ లేకుండా, బురద రంగులో, మోరీల్లోంచి పైకి వస్తున్నాయి.

కదలనివాడు ఒక్కడే, నేతపని చేసే నారాయణ. గుంటమగ్గం మీద చీర సగం నేసి ఉంది. “ఇది ఇడిసిపెట్టి యాడికి రాను మేడం? మీరు పోండ్రి” అన్నాడు కళ్లనీళ్లతో. మేడం తిట్టలేదు. వాకిట్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “సరే. నేను గూడ ఈడనే కూసుంట. నాకు ఈత రాదు, నీకు తెల్వదేమో.” నీళ్లు కుర్చీ కాళ్లను తాకాయి. నారాయణ ఆవిడను చూశాడు, మగ్గాన్ని చూశాడు. “ఏంది మేడం గిట్ల బెదిరిస్తరు!” అంటూనే లేచి, నేసిన సగంతో సహా పడుగు దారాలు మొత్తం చుట్టడం మొదలుపెట్టాడు. నేనూ, ఇంటివాళ్లను బడికి చేర్చి తిరిగి వచ్చిన తిమ్మప్పా చెరో చెయ్యి వేశాం. ఆ చుట్టను తలల మీద పెట్టుకుని బయటికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. మేడం మోకాళ్ల నొప్పులతో నడవలేకపోయారు. ఇద్దరు పాత విద్యార్థులు ఆవిడను కుర్చీతో సహా ఎత్తుకున్నారు. ఆవిడ అంతెత్తున కూర్చుని, “సక్కగ పట్టుకో వెంకటేశూ! నీకు సమాంతర రేఖలు అప్పుడూ రాలె, ఇప్పుడూ రాలె” అని తిడుతూనే ఉన్నారు. ముందు మేడం, వెనక తలల మీద సగం చీరతో మేము. ఆ ఊరేగింపు చూసి మిట్ట మీదికి చేరినవాళ్లంతా అంత భయంలోనూ నవ్వారు.

బడి మిట్ట మీద ఉంది. గదుల్లో ఖాళీ బియ్యం గోనెసంచులు దులిపి పరిచాం; తడిబట్టలతో కూర్చునేసరికి అవీ తడిశాయి. జనం ఎక్కడపడితే అక్కడ మూటలు విప్పుతుంటే మేడం ఒప్పుకోలేదు. “ఎవడు ఏ తరగతిల బడి మానేసిండో ఆ వరుసల కూసోవాలె. లెక్క తేలాలె.” గలాటా మొదలైంది. నాలుగు తప్పినవాడు నాలుగులో కూర్చోవాలా, మూడులోనా? మూడుతో ఆపేసిన తిమ్మప్ప మూడులో కూర్చున్నాడు. వేరే ఊరి నుంచి కాపురానికొచ్చిన అతని భార్య పది పాసైందని ఆ రోజే బయటపడింది. ఆమె పదో తరగతి వరుసలో కూర్చుని, మొగుడి వైపు చూసి ముసిముసిగా నవ్వింది. అతను గోడకేసి చూశాడు.

మేడం హాజరు పిలిచారు. చేతిలో పుస్తకం లేదు. కళ్లు సగం మూసుకుని, ఏళ్లకేళ్లుగా పిలిచిన పేర్లలో ఇంకా ఊళ్లో ఉన్నవాళ్లవన్నీ వరసగా. ప్రతి పేరుకూ జవాబు వచ్చింది. చివరి పేరు అయ్యాక నాకు గొప్ప ఊరట కలిగింది. ఎవరో చాయ్ తెచ్చి ఇచ్చారు. మేడం గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆపేశారు.

“సారు, నేను ఎవల్ని పిలిచిన?”

“అందర్నీ పిలిచారు మేడం.”

“అందర్ని గాదు. బడికి వచ్చినోళ్లని పిలిచిన. బడికి రానోళ్లనో?”

ఆవిడ ముఖంలో రంగు పోవడం నేను చూశాను. “మీ ఇంటి పక్కలెవరో చూసుకోండ్రి. ఎవరు కనిపిస్తలేరు? జల్ది చెప్పండ్రి” అన్నారు. గొంతు మొదటిసారి చిన్నదైపోయింది.

“బాలమ్మ,” అంది తిమ్మప్ప భార్య.

కింది వీధి కొసకు ఒక్కతే ఉండే ముసలామె. మేకలు కాస్తుంది. చెవులు వినపడవు. ఆటో మైకు ఆమెకు వినపడదు, మేడం గొంతూ వినపడదు. పక్కింటివాళ్లు తెస్తారని వీళ్లు, వీళ్లు తెస్తారని పక్కింటివాళ్లు అనుకున్నారు.

చేపలు పట్టేవాళ్ల పుట్టి, బుట్టలాంటి గుండ్రటి పడవ, ఒకటి మిట్ట కింద కట్టేసి ఉంది. పుట్టివాడూ తిమ్మప్పా, అడగకముందే నారాయణా ఎక్కారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా మేడం మెట్ల మీద నిలబడే ఉన్నారు. ఎవరినీ తిట్టలేదు. మాకందరికీ అందుకే ఎక్కువ భయం వేసింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దువా చేస్తున్నారో, తనను తాను తిట్టుకుంటున్నారో తెలియదు.

వెలుతురు ఉండగానే పుట్టి గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. అందులో మేకలు, మేకల మధ్య బాలమ్మ. ఇంటి మిద్దె మీద కూర్చుని ఉందట. మేకలన్నీ ఎక్కితే గానీ తాను ఎక్కనని మొండికేసిందట. “మేక నన్ను పొడిచింది మేడం” అని నారాయణ ఫిర్యాదు చేశాడు. మేడం నీళ్లలోకి దిగి బాలమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. చెవిలో నోరు పెట్టి, “బాలమ్మా!” అని అరిచారు.

“ఏందే, గట్ల మొత్తుకుంటవ్?” అంది బాలమ్మ. “యాడికి పోయిన్రే మీరంత? ఊర్ల ఒక్కలు కనిపిస్తలేరని పొద్దుగాల్నుంచి పరేషానైన. మీకేమాయెనో అని!”

మేడం నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. బాలమ్మను తీసుకొచ్చి ఒకటో తరగతి వరుసలో కూర్చోబెట్టారు. ఆ వరుసలో ఆమె ఒక్కతే, ఆమె మేకలు. తరువాత మేడం నిటారుగా నిలబడి మళ్లీ పిలిచారు.

“బాలమ్మ!”

తిమ్మప్ప ఆమె చెవి దగ్గర వంగి, “ప్రెజెంట్ అను, ప్రెజెంట్” అన్నాడు.

“పెసర్లా?” అంది బాలమ్మ. “యాడివి నాయినా, అన్ని నీళ్లపాలాయె.”

ఊరంతా పగలబడి నవ్వింది. మర్నాటికి కింది వీధిలో మట్టి గోడ ఒక్కటీ నిలవలేదు. బాలమ్మ కూర్చున్న మిద్దె ఎక్కడుండేదో కూడా తెలియలేదు. ఇళ్లు పోయి, తిండిగింజలు పోయి, ఆ తరువాత నెలల తరబడి ఊరు పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. నారాయణ ఆ పడుగును ఏడో తరగతి గదిలో మళ్లీ ఎక్కించి చీర పూర్తి చేశాడు. ఆ ఏడు మా ఏడో తరగతి వేపచెట్టు కింద నడిచింది.

ఖాజాబీ మేడం పోయి కొన్నేళ్లయింది. చివరి రోజుల్లో గద్వాలలో చూడటానికి వెళ్తే, దవాఖానలో మంచం మీద నుంచే గోడ మీది బోర్డులో వత్తు తప్పిందని నర్సుకు చెబుతున్నారు. వరద మాట ఎత్తితే ముఖం తిప్పుకున్నారు. “మంచిగ జేసినవంటరు అందరు. బాలమ్మను మర్చిన సంగతి ఎవరనరు” అన్నారు. గుర్తు చేసుకున్నదీ మీరే కదా, అదీ రాస్తాను అన్నాను. “గా ముచ్చట గూడ రాయి. గని మర్చిన సంగతి ముందు రాయి.” అందుకే రాశాను.

ఇప్పుడు నేనూ ప్రధానోపాధ్యాయుణ్ణే. గాలివాన హెచ్చరికలు ఫోన్లో రోజూ వస్తుంటాయి. ‘అందరూ క్షేమమేనా’ అని అడగడం మానేశాను. అడిగితే అందరూ క్షేమమనే చెబుతారు, ఎందుకంటే జవాబు చెప్పేవాళ్లంతా అక్కడే ఉంటారు. ఈ పొద్దున హాజరు అయిపోయాక మా పుస్తకాల్లో పేరు లేనివాళ్లను తలుచుకున్నాను. గేటు బయట రేకుల గుడిసెలో ఉంటూ బఠాణీలు అమ్మే ముసలాయన గుర్తొచ్చాడు. ఏళ్ల తరబడి కొనుక్కుతింటున్నా, ఆయన పేరు నాకు తెలియదు. ముందు అది కనుక్కుందామని గేటు దాటాను.