తొట్టిలో గుర్రం తల

మధ్యాహ్నం లైబ్రేరియన్ టిఫిన్ డబ్బా మూత తీయగానే ఒక ఈగ వచ్చి ముద్ద మీద వాలింది. ఈగ వాలడం విశేషమేమీ కాదు. అది అంతకుముందు పక్కగదిలో గుర్రం తల మీద వాలి వచ్చింది. ఆవిడ మూత పెట్టేసింది.

పక్కగది కాలేజీ మ్యూజియం. అక్కడి అటెండర్ని అందరూ ఎముకల బాబాయ్ అంటారు. చచ్చిన జంతువుల్ని తొట్టిలో నానేసి, మాంసం కుళ్ళి ఊడిపోయాక ఎముకలు కడిగి నిలబెట్టడం ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని. పిల్లి నిలబడింది, మేక నిలబడింది. గుర్రం కూడా నిలబడింది గానీ తల లేదు, అదింకా తొట్టిలో నానుతోంది. నెలాఖరుకి రిటైర్మెంటు. ఆలోగా దానికి తలకాయ తగిలించి వెళ్ళాలని ఆయన పట్టుదల.

తొట్టి మీద సుద్దముక్కతో ‘మాసరేట్ చేస్తున్నాను, కదపొద్దు’ అని రాసుంది. లైబ్రేరియన్ లావుపాటి నిఘంటువు తీసింది. లాటిన్‌లో ‘మాసెరారే’ నుంచి వచ్చిందట. నానబెట్టి మెత్తబరచడం ఒక అర్థం, చిక్కి శల్యమయ్యేలా వేధించడం ఇంకో అర్థం. మొదటిది గుర్రానికి, రెండోది తనకి అనుకుంది. ఆ కంపు పుస్తకాల అట్టలకి పట్టింది. తలంటుకున్నా జుట్టుని వదలడం లేదు. తొట్టిలో నీళ్ళ మీద బూడిదరంగు తెట్టు, మధ్యలో బుడుక్కుమని ఒక బుడగ.

“నీళ్ళన్నా మార్చు బాబాయ్, నీకు దణ్ణం పెడతాను!”

“సగమే మార్చాలమ్మా. పాతనీళ్ళలో కంటికి కనపడని పురుగులుంటాయి. కండ తినేది అవే. నాకున్న పనివాళ్ళు వాళ్ళే.”

ఆ సాయంత్రం బాబాయ్ వెళ్ళాక ఆవిడ ముక్కుకి రుమాలు కట్టుకుని, లైబ్రరీ ఫినాయిల్ సీసా మొత్తం తొట్టిలో ఒంపేసింది. వారం రోజులు హాయిగా భోంచేసింది.

ఎనిమిదో రోజు బాబాయ్ గుర్రం తలకాయని తొట్టిలోంచి పైకెత్తి చూశాడు. కండ ఎక్కడిదక్కడే బిగుసుకుని ఉంది. పనివాళ్ళందరూ చచ్చారు. తొట్టి వెనక దొరికిన ఖాళీ సీసా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తొట్టిలో మళ్ళీ కొత్తనీళ్ళు పోశాడు. గుర్రాన్ని తల లేకుండానే వదిలి నెలాఖరుకి రిటైరయ్యాడు.

మర్నాడు పొద్దున్నే పాత చొక్కా వేసుకుని తొట్టి దగ్గర ప్రత్యక్షం. వారం తిరిగేసరికి మునుపటికి రెట్టింపు కంపు.

“రిటైరయ్యాక కూడా ఈ ఖర్మేంటి బాబాయ్ మాకు?” అంది లైబ్రేరియన్ కిటికీలోంచి, డబ్బా మూత రెండు చేతులా నొక్కిపట్టుకుని.

“మీరా సీసా ఒంపకపోతే, ఈపాటికి గుర్రమూ నేనూ ఇద్దరం బయటపడేవాళ్ళం తల్లీ.”